ఇంటర్న్‌షిప్‌లో ఉన్నా: కుక్కలు పిల్లుల ప్రాక్టీస్‌కి వెళ్లాలా, గవర్నమెంట్ పోస్ట్ కోసం చదవాలా?

గరివిడి_ఇంటర్న్

అందరికీ నమస్కారం. నేను గరివిడి వెటర్నరీ కాలేజీలో బీవీఎస్సీ అండ్ ఏహెచ్, నాలుగున్నరేళ్ల చదువు అయిపోయి ఇంటర్న్‌షిప్ ఏడాదిలో ఉన్నా, ఇంకో నాలుగు నెలలుంది. మాది పల్లెటూరు, ఇంట్లో రెండావులు ఒక గేదె. నాన్న నన్ను ఇందులో చేర్పించిందే పశువుల ఆసుపత్రిలో డాక్టరై ఊరికి దగ్గర్లో పోస్టింగ్ తెచ్చుకుంటానని. కానీ ఓపీలో కుక్కలు పిల్లులు చూడ్డం మొదలెట్టాక నా మనసంతా అటే పోతోంది, పొద్దున ఏడుకే వెళ్లి రాత్రి వరకు ఉండిపోతున్నా.

ఇంట్లో చెప్తే "కుక్కలకి మందేయడానికా ఐదున్నరేళ్లు చదివింది" అన్నారు. కోపంతో కాదు, నిజంగానే ఆయనకి అర్థం కాలేదు. ప్రాక్టీస్‌లో ఉన్న సీనియర్లు చెప్పండి, బతకడానికి సరిపడా వస్తుందా, పీజీ లేకుండా కుదురుతుందా, ఆడపిల్ల రాత్రి కేసులు చూడగలదా. ఇంకోటి కాలేజీలో ఎవరినీ అడగలేకపోయా. టేబుల్ మీద ఒక కుక్క చనిపోతే నాకు రెండు రాత్రులు నిద్ర పట్టట్లేదు, అంటే నేను ఈ పనికి పనికిరానా?

బెజవాడ_వెట్

అమ్మా, నేను గన్నవరంలో చదివా, విజయవాడలో క్లినిక్ పెట్టి 17 ఏళ్లు. నీ చివరి ప్రశ్నకి జవాబు వెంటనే చెప్పలేను, ముందు మిగతావి చెప్తా.

మనకి కాలేజీలో అనాటమీ నేర్పింది ఎద్దుని ముందు పెట్టుకుని, కుక్క అన్నది "తేడాలు" కింద వచ్చేది. అది తప్పని అనను, మన రాష్ట్రానికి కావాల్సింది పాడి పశువుల డాక్టర్లే. కానీ 400 కిలోల గేదెకి ఇంజెక్షన్ చేసిన చెయ్యి 400 గ్రాముల పిల్లిపిల్లకి చెయ్యాలంటే మళ్లీ మొదట్నుంచి నేర్చుకోవాలి. నేను మొదటి ఏడాదంతా చేసింది అదే. ఇన్సులిన్ సిరంజిలో మందు పలచన చేసుకుని, కాగితం మీద మూడుసార్లు లెక్కేసి, అప్పుడు ఇచ్చేవాణ్ణి. ఇప్పటికీ పిల్లి బరువు చూడకుండా సిరంజి ముట్టుకోను.

డబ్బు సంగతి. మొదటి మూడేళ్లు చాలా కష్టం, దాచేదేం లేదు. నేను ఒక సీనియర్ దగ్గర రెండేళ్లు అసిస్టెంట్‌గా చేసి తర్వాత అద్దె షట్టర్లో పెట్టా, టేబులు, వేయింగ్ మెషీన్, వ్యాక్సిన్లకి ఒక ఫ్రిజ్, అంతే. రోజుకి నాలుగు కేసులు వస్తే పండగ. ఎక్స్‌రే, స్కానింగ్, బ్లడ్ మెషీన్ ఒక్కోటి ఒక్కో లోను మీద వచ్చాయి. ఇప్పుడు ఇల్లు గడుస్తోంది, ఇద్దరు అసిస్టెంట్లకి జీతాలిస్తున్నా. పీజీ లేదు నాకు, లేని లోటు సర్జరీలో తెలిసింది. నీకు ఓపికుంటే ఎంవీఎస్సీ రెండేళ్లు సర్జరీలో గానీ మెడిసిన్‌లో గానీ చెయ్యి, చెయ్యకపోయినా ఆగిపోదు.

అన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సింది మాత్రం అడగడం, అదే హిస్టరీ. నా రెండో ఏడాదిలో ఒక ఆడ జర్మన్ షెపర్డ్ వచ్చింది, ఏడేళ్లది, వాంతులు, తిండి మానేసింది, నీళ్లు తెగ తాగుతోంది. నేను గ్యాస్ట్రైటిస్ అనుకుని మూడు రోజులు సెలైన్, వాంతుల ఇంజెక్షన్ ఇచ్చా. ఆఖరిసారి హీట్‌కి, అదే ఎదకి, ఎప్పుడొచ్చిందని అడగలేదు. అడిగుంటే నెలన్నర క్రితమని చెప్పేవాళ్లు, అది పయోమెట్రా, అంటే గర్భసంచిలో చీము పట్టే జబ్బు, అని అప్పుడే తట్టేది. నాలుగో రోజు పొట్ట ఉబ్బాక స్కానింగ్‌కి పంపిస్తే గర్భసంచి నిండా చీము. ఆపరేషన్ టేబుల్ దాకా తీసుకెళ్లా గానీ దక్కలేదు. ఆ ఇంటాయన నన్ను ఒక్క మాట అనలేదు, అన్నా బావుండేది. ఆ రోజు నుంచి ఆపరేషన్ చేయించని ఆడ కుక్క ఏ జబ్బుతో వచ్చినా, కాలికి ముల్లు గుచ్చుకుని వచ్చినా సరే, నా మొదటి ప్రశ్న అదే. నా అసిస్టెంట్లు కూడా కేస్ షీట్ మీద ముందు అదే రాస్తారు.

కడప_విఏఎస్

నేను గవర్నమెంట్ పోస్టులోనే ఉన్నా, వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్ని (విఏఎస్), తిరుపతి కాలేజీ. పాపా, మీ నాయనదీ తప్పు లేదు. నెల తిరిగేసరికి జీతం పడుతుంది, ఊర్లో నాలుగిళ్ల పాడి నిలబడిందంటే ఆ తృప్తే వేరు. రాత్రి పన్నెండుకి అడ్డం తిరిగిన దూడను బయటికి తీసినాక ఆ రైతు మొహం చూడాల. కానీ ఒక విషయం, మా ఆసుపత్రికి ఇప్పుడు కుక్కలూ వస్తాన్నాయి. పదేళ్ల ముందు వారానికొకటి రెండు, ఇప్పుడు రోజూ. మా మండలంలో కూడా మంచు దేశాల కుక్క హస్కీ ఉంది, కడప ఎండలో హస్కీ! ఏప్రిల్, మేలో ఊపిరాడక తెస్తారు, తడి గోనెపట్టలు కప్పి ఫ్యాన్ కింద పడుకోబెడతాం. కాబట్టి ఈ పక్కకొచ్చినా కుక్కలు నిన్ను వదలవు.

ఏ పక్క పోయినా ఇది మాత్రం మర్చిపోవద్దు. రేబిస్ టీకా ముందే వేయించుకో. 0, 7 రోజులు, తర్వాత 21 గానీ 28 గానీ, మూడు డోసులు. అట్ల వేయించుకున్నోళ్లకి కుక్క కరిస్తే మళ్లీ 0, 3 రోజుల్లో రెండు డోసులు చాలు, సీరం అక్కరలేదు. గాయాన్ని సబ్బు నీళ్లతో పదిహేను నిమిషాలు కడగడం మాత్రం ఎవరికైనా తప్పదు.

ఇంకా ముఖ్యం. "సార్ గొంతులో బొమిక ఇరుక్కుంది, నోరు మూయట్లేదు, చొంగ కారతాంది" అని కుక్కను తెస్తే, నోట్లో చెయ్యి పెట్టేముందు ఆగు. రేబిస్ వచ్చిన కుక్కలన్నీ పిచ్చెక్కినట్టు కరవవు. కింది దవడ వేలాడేసుకుని మౌనంగా ఉండేవీ ఉంటాయి, చూడ్డానికి అచ్చం బొమిక ఇరుక్కున్నట్టే. ఆవుల్లో కూడా అంతే, గడ్డి అడ్డం పడింది అంటారు. నేను ఇంటర్న్‌గా ఉన్నప్పుడు మా సారు నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగినారు, ఆ కుక్క రెండో రోజు చచ్చిపోయింది, రేబిసే. లక్షణాలు మొదలైనాక ఆ జబ్బుకి మందు లేదు, మనిషికైనా కుక్కకైనా.

పిల్లుల_డాక్టరమ్మ

విఏఎస్ సార్ చెప్పింది ప్రింట్ తీసి గోడకి పెట్టుకోవాలె. నేను రాజేంద్రనగర్ల చదివిన, హైదరాబాద్‌ల ప్రాక్టీస్, పదకొండేండ్లయితుంది, ఎక్కువ పిల్లులే చూస్త.

చెల్లీ, ఆడపిల్ల రాత్రి కేసులు చూడగలదా అని అడిగినవ్ కదా. చూడగలదు, నేను చూస్తున్న. కానీ ఒక్కదానివే ఉండకు. ఇద్దరు లేని క్లినిక్‌ల నైట్ డ్యూటీ ఒప్పుకోకు, అది ముందే మాట్లాడుకో. కరిచే కుక్కకంటే రాత్రి రెండింటికి తాగి వచ్చే ఓనర్‌తోని కష్టం. మా దగ్గర రాత్రి తలుపు లోపల్నుంచి గడియ పెట్టి ఉంటది, కెమెరాల చూసి తీస్తం. పెద్ద కుక్కల్ని పట్టుకునే బలం గురించి అయితే ఫికర్ చేయకు. బలం కాదు, గాజ్ బ్యాండేజీతోని మూతి కట్టుడు వస్తే చాలు, రెండు చుట్లు తిప్పి చెవుల ఎనక ముడి. మొదట ఇంట్ల దిండు మీద ప్రాక్టీస్ చేసిన నేను.

పిల్లుల గురించి రెండు ముక్కలు, ఎందుకంటే కాలేజీల వీటి గురించి చెప్పేది తక్కువ. పిల్లి నొప్పి బయటికి చూపెట్టదు, బీరువా కింద దూరిందంటేనే అది "నొప్పి" అన్నట్టు. మగ పిల్లి మట్టి ట్రేల మాటిమాటికి కూసుంటుంటే ఇంటోళ్లు "మలబద్ధకం ఉంది మేడమ్" అని ఫోన్ చేస్తరు. అది మూత్రం ఆగిపోవుడు. ఒకటి రెండు రోజులు లేటయితే రక్తంల పొటాషియం పెరిగి గుండె ఆగుతది. ఫోన్లోనే "పొట్ట కింద చెయ్యి పెట్టి చూడుండ్రి, నిమ్మకాయంత గట్టిగ ఉందా" అని అడుగుత, ఉంది అన్నరంటే ఇప్పుడే బయల్దేరుండ్రి అంట, పొద్దున దాకా ఆగొద్దని గట్టిగ చెప్త.

ఇంకోటి పారాసిటమాల్. కుక్కకి, పిల్లికి 101, 102 నార్మల్ టెంపరేచరే, మనిషి లెక్కల చూసి జ్వరం అనుకుని ఇంట్ల ఉన్న గోలీ సగం ఇరిచి ఏస్తరు. పిల్లి లివర్‌కి ఆ మందుని తీసేసే శక్తి లేదు. చిగుళ్లు గోధుమ రంగుకి వస్తయి, మొహం, కాళ్లు వాస్తయి, ఊపిరందదు. విరుగుడు ఉంది, ఎన్-ఎసిటైల్ సిస్టీన్, మనుషుల మెడికల్ షాపులనే దొరుకుతది, కానీ గంటలల్ల రావాలె. పోయిన ఎండాకాలం ఒక ముసలమ్మ తెచ్చింది, ప్రేమతోనే ఏసింది పాపం, మనుమనికి ఏసినట్టు ఏసింది. బతకలే. ఆమెకి ఏం జరిగిందో చెప్పేటప్పుడు "మీరే చంపిన్రు" అన్నట్టు ఒక్క మాట రాకుండ చెప్పుడు, అది నాకు సర్జరీకంటే కష్టమైన పని.

లాబ్రడార్_నాన్న

నేను డాక్టర్ని కాదండి, ఓనర్ని. మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. ఒక మాట మనసులో పెట్టుకున్నా, ఇక్కడ అడుగుతున్నా. మా వాడికి ఒంట్లో బాలేదని ఒక క్లినిక్‌కి వెళ్తే వెళ్లగానే బ్లడ్ టెస్ట్, తర్వాత స్కానింగ్, తర్వాత మళ్లీ బ్లడ్ టెస్ట్. మా చిన్నప్పుడు ఊళ్లో కుక్కకి పెరుగన్నం పెట్టేవాళ్లం, జబ్బు చేస్తే కాంపౌండర్ ఒక సూది వేసేవాడు. ఇప్పుడు నెల జీతంలో మూడో వంతు ఒక్క వారంలో అయిపోయింది. నేను చిన్న ఉద్యోగస్తుణ్ణి. మా వాడంటే ప్రాణం, కానీ ప్రతిసారీ కౌంటర్ దగ్గర నిలబడితే దోచుకుంటున్నారేమో అనిపిస్తుంది. ఈ పిల్ల డాక్టరయ్యాక మాలాంటోళ్ల సంగతి కూడా ఆలోచించాలని రాస్తున్నా.

బెజవాడ_వెట్

అడగడం మంచిదైందండి. మీలాగా అనుకుని బయటికి చెప్పకుండా వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ, మాకు తెలియను కూడా తెలియదు.

మా పేషెంట్ ఎక్కడ నొప్పో చెప్పదు. మీ వాడికి తిండి మానేయడం ఒక్కటే కనిపిస్తే దానికి ఇరవై కారణాలు. లాబ్రడార్, నీరసం, జ్వరం అంటే మన వాతావరణంలో నాకు ముందు తట్టేది గోమారి జ్వరం, అదే టిక్ ఫీవర్. బ్రౌన్ డాగ్ టిక్ కరిస్తే ఎర్లీకియా వస్తుంది, ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఒక్కోసారి ముక్కులోంచి రక్తం. అది బ్లడ్ టెస్ట్ లేకుండా చెప్పలేం. రెండోసారి టెస్ట్ ఎందుకంటే, డాక్సీసైక్లిన్ మొదలెట్టాక ప్లేట్‌లెట్లు పెరిగాయా లేదా, పెరక్కపోతే గోమారి వల్లే వచ్చే ఇంకో జబ్బు బబీసియా కూడా కలిసుందేమో చూడాలి, దాని మందు వేరు. ఇంకో సంగతి, డాక్సీసైక్లిన్ 28 రోజులు వాడాలి, వారానికి కుక్క తినడం మొదలెట్టగానే సగం మంది ఆపేస్తారు, రెండు నెలల తర్వాత మళ్లీ వస్తారు, అప్పుడు ఖర్చు రెండింతలు.

కానీ మీ మాటలో తప్పు మాది కూడా ఉంది. టెస్ట్ రాసేముందు ఇది ఎందుకు, ఎంతవుతుంది, ఇందులో ఏం తేలుతుంది, చేయించకపోతే ఏం నష్టం, ఈ నాలుగూ డాక్టర్ నోటితో చెప్పాలి, కౌంటర్‌లో బిల్లు చెప్పకూడదు. నేను ఇప్పుడు రెండు దారులు చెప్తా: అన్ని టెస్టులూ చేసి చూసే దారి, లేకపోతే ఉన్నంతలో ముందు ఎక్కువ అవకాశం ఉన్న జబ్బుకి మందు మొదలెట్టి 48 గంటలు చూసే దారి. రెండో దారి ఎంచుకున్నవాళ్లని తక్కువగా చూడకూడదు. విజయవాడలో లబ్బీపేట సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ఉంది, హైదరాబాద్‌లో నారాయణగూడలో ఉంది, గవర్నమెంటువే, డబ్బుకి ఇబ్బందయితే నేనే అక్కడికి రాసిస్తా.

లాబ్రడార్_నాన్న

మా వాడిదీ అదేనండి, టిక్ ఫీవరే. ఇరవై వేలకి పడ్డాయి ప్లేట్‌లెట్లు. నేను పన్నెండో రోజు మందు ఆపేశా, తిన్నాడు కదా అని. ఇప్పుడే మీ పోస్ట్ చదివి ఆ డాక్టర్ గారికి ఫోన్ చేశా, రేపు రమ్మన్నారు.

బైపీసీ_తల్లి

మా అబ్బాయి ఇంటర్ రెండో ఏడాది. సీటు ఎట్లా వస్తుంది ఎవరన్నా చెప్తారా?

పిల్లుల_డాక్టరమ్మ

అక్కా, తెలంగాణల అయితే ఎంసెట్, అదే ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నరు, ఆ ర్యాంక్ మీద. ఆల్ ఇండియా కోటా 15 శాతం సీట్లు నీట్ ర్యాంక్‌తోని వీసీఐ, అంటే వెటర్నరీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, నింపుతది. వేరే టాపిక్ పెట్టుండ్రి, వివరంగ రాస్త. ఒక్కటి మాత్రం, ఎంబీబీఎస్ రాలేదు కాబట్టి ఇది అని చేర్పించకుండ్రి. మా బ్యాచ్‌ల అట్ల వచ్చి ఐదేండ్లు ఏడ్చినోళ్లున్నరు. ఒక పది రోజులు ఏదన్న క్లినిక్‌ల కూసోబెట్టుండ్రి, వాసన, రక్తం, అరుపులు చూడనీ, అప్పుడు అడుగుండ్రి.

ఒహాయో_వెట్

తిరుపతిలో చదివి అమెరికా వచ్చినవాణ్ణి, ఇప్పుడు ఇక్కడ స్మాల్ యానిమల్ ప్రాక్టీస్. గరివిడి చెల్లెమ్మ అడగలేదు గానీ ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి చెప్పేస్తున్నా. మన డిగ్రీతో ఇక్కడ నేరుగా ప్రాక్టీస్ కుదరదు, విదేశీ డిగ్రీ వాళ్లకుండే సర్టిఫికేట్ ప్రోగ్రాములు ఈసీఎఫ్‌వీజీ గానీ పేవ్ గానీ చేయాలి. ఈసీఎఫ్‌వీజీలో డిగ్రీ పత్రాలు, ఇంగ్లీషు పరీక్ష, తర్వాత బేసిక్ సైన్సుల పరీక్ష, ఆఖర్న చేతి పని పరీక్ష సీపీఈ. దాంట్లో అనస్థీషియా, సర్జరీ, గుర్రాలు, ఆవులు, ఎక్స్‌రే, స్మాల్ యానిమల్ మెడిసిన్, పోస్ట్‌మార్టం, అన్నీ విడివిడిగా పాసవ్వాలి. సర్జరీ అంటే ఆడ కుక్కకి స్పే, అంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, చెయ్యడం, గ్లవ్స్ తొడుక్కోవడం దగ్గర్నుంచి చూస్తారు. ఇవి కాక 360 ప్రశ్నల లైసెన్సు పరీక్ష నావ్లే. ఏళ్లు పడుతుంది, డబ్బు చాలా పోతుంది. నాకు మొదటిసారి అనస్థీషియా పోయింది, ఎందుకంటే ఇండియాలో నేను నేర్చుకున్నది జైలజీన్, కెటమిన్ ఇంజెక్షన్లతో, గ్యాస్ మెషీన్ ముట్టుకోలేదు. ఇప్పుడు మన దగ్గర కూడా ఐసోఫ్లురేన్ గ్యాస్ మెషీన్లు వచ్చాయి, ఎవరి దగ్గర ఉంటే వాళ్ల దగ్గర చేరి నేర్చుకోండి, అమెరికా వచ్చినా రాకపోయినా.

ఇక్కడ అంతా బావుంటుందని కూడా అనుకోవద్దు. ఇన్సూరెన్స్ లేని ఇంట్లో, ఆపరేషన్‌కి డబ్బుల్లేక బతికే కుక్కని నిద్రపుచ్చమని, అంటే ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీయమని, అడుగుతారు. నెలకి రెండు మూడుసార్లన్నా నాకు ఎదురవుతుంది.

రెండేళ్ల_వెట్

నిద్రపుచ్చడం అన్న మాట వచ్చింది కాబట్టి రాస్తున్నా. నేను పెద్ద నగరంలో ఒక పెద్ద పెట్ హాస్పిటల్లో రెండేళ్లు చేసి మొన్ననే మానేశా. పేరు చెప్పను. 12 గంటలని చెప్పి 15, 16 గంటలు, వారానికి ఒక సెలవు అదీ ఫోన్ మోగుతూనే ఉండేది. జీతం నాతో చదివి మందుల కంపెనీలో చేరినోడికంటే తక్కువ. అవి భరించా. భరించలేకపోయింది ఏంటంటే, ఒకే పొద్దున ఒక కుక్కపిల్లకి మొదటి వ్యాక్సిన్ వేసి ఫోటో దిగి, పక్క గదిలోకి వెళ్లి పద్నాలుగేళ్ల ముసలి కుక్కకి ఆఖరి ఇంజెక్షన్ ఇచ్చి, చేతులు కడుక్కుని మూడో గదిలో "ఇంత లేటా" అని అరిచే ఆయనకి సారీ చెప్పడం. మధ్యలో కూర్చోవడానికి ఐదు నిమిషాలు లేవు. ఆరు నెలలకి నాకు ఏమీ అనిపించడం మానేసింది, కుక్క చచ్చిపోయినా ఏమీ అనిపించలేదు. అప్పుడు భయమేసింది.

చెల్లీ నువ్వు నిద్ర పట్టట్లేదు అన్నావు. నిద్ర పట్టకపోవడం పర్లేదు, ఏమీ అనిపించని రోజు ఎవరికైనా చెప్పుకో. అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్లు 1979 నుంచి 2015 దాకా చనిపోయిన వెటర్నరీ డాక్టర్ల రికార్డులు చూసి 2019లో చెప్పారు, ఆత్మహత్యలు మామూలు జనంతో పోలిస్తే మగ డాక్టర్లలో 2.1 రెట్లు, ఆడ డాక్టర్లలో 3.5 రెట్లు అని. మన దగ్గర ఈ మాట ఎవరూ ఎత్తరు. ఇది చదివే వెట్ ఎవరికైనా అలా ఉంటే గవర్నమెంట్ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు, నేను చేశా.

పిల్లుల_డాక్టరమ్మ

తమ్మీ, రాసినందుకు మంచిగ చేసినవ్. నీకు పర్సనల్ మెసేజ్ పెట్టిన, చూడు. మా క్లినిక్‌ల వారానికి నాలుగు రోజుల పని ఉంది, ఇప్పుడే కాదు, నీకు ఎప్పుడు మనసైతే అప్పుడు.

నిద్రపుచ్చుడు గురించి నేను ఎట్ల చేస్తనో చెప్త, ఎవరికన్న పనికొస్తది. అది రోజు ఆఖరి కేసుగ పెట్టుకుంట, మధ్యల పెట్టుకోను. ముందే కాన్యులా, అదే నరంల ఉంచే సన్న గొట్టం, పెట్టి, ముందు మత్తు ఇచ్చి, పూర్తిగ నిద్రల పోయినంక రెండో ఇంజెక్షన్, ఎక్కువ డోసు థయోపెంటోన్. కళ్లు మూసుకోవు, తెరిచే ఉంటయి, ఒక్కోసారి చివర్ల పెద్ద ఊపిరి తీసినట్టయితది, ఇవి ముందే చెప్పాలె, లేకపోతే ఇంటోళ్లు నొప్పి వచ్చిందనుకుని జీవితమంత బాధపడతరు. పిల్లలు ఉండాలంటే ఉండనిస్త. బిల్లు ముందే అయిపోవాలె, ఏడ్చుకుంట కౌంటర్ కాడ నిలబడొద్దు. తెల్లారి ఫోన్ చేస్త. చేయమని అడిగిన ప్రతిసారీ చేయను కూడా. ఇల్లు మారుతున్నం, కుక్క అడ్డం అని వచ్చినోళ్లకి చేయలేదు, ఆ కుక్క మా కాంపౌండర్ ఇంట్ల ఉంది.

కడప_విఏఎస్

ఆ కాంపౌండర్‌కి నమస్కారం చెప్పండి మేడమ్. మన మాటల్లో వాళ్ల ఊసే రాలే. పట్టుకునేది వాళ్లే, కరిపించుకునేది వాళ్లే. వాళ్లకీ రేబిస్ టీకా వేయించండి, మన ఖర్చుతోనే.

గరివిడి_ఇంటర్న్

మూడు వారాలైంది రాసి. మీరందరూ రాసినవి నాన్నకి చదివి వినిపించా, విఏఎస్ సార్ గొంతులో బొమిక కథ రెండుసార్లు చదివించుకున్నారు. వైజాగ్‌లో ఒక మేడమ్ దగ్గర సెలవుల్లో పది రోజులు చూడ్డానికి ఒప్పుకున్నారు, ఇది ఏడో రోజు. రేబిస్ టీకా రెండు డోసులైంది.

నిన్న రాత్రి ఒక ఆటో అన్న రెండు నెలల నాటు కుక్కపిల్లని కండువాలో చుట్టుకుని తెచ్చారు, రక్త విరేచనాలు, ఆ వాసన గదిలోకి రాకముందే మేడమ్ "పార్వో" (కుక్కపిల్లలకి వచ్చే పేగుల వైరస్ జబ్బు) అన్నారు, కిట్‌లో కూడా రెండు గీతలు పడ్డాయి. ఒక వ్యాక్సిన్ వేయించారట, ఇంక రాదనుకున్నారు. తల్లి పాల నుంచి వచ్చిన యాంటీబాడీలు మొదటి డోసుని పని చేయనివ్వకపోవచ్చని, అందుకే పదహారు వారాలు నిండేదాకా మళ్లీ మళ్లీ వేయాలని మేడమ్ ఆయనకి చెప్తుంటే, "నాకెవరూ చెప్పలేదమ్మా, చెప్పుంటే వేయించేవాణ్ణి" అన్నారు. ఆ గొంతు నాకు గుర్తుండిపోయింది.

పిల్ల బాగా ఎండిపోయింది, నరం దొరకట్లేదు. మేడమ్ నన్నే పెట్టమన్నారు. పసుపు కాన్యులా, ముందు కుడి కాలు పోయింది, ఎడమ కాలు పోయింది, మూడోసారి వెనక కాలికి దొరికింది. చేతులు వణికాయి గానీ దొరికాక ఆగిపోయాయి. విడిగా ఉన్న గదిలో ఉంచాం, రింగర్ లాక్టేట్, వాంతుల మందు, యాంటీబయాటిక్. నేల బ్లీచింగ్ నీళ్లతో నేనే తుడిచా, ఈ వైరస్ నెలల తరబడి నేల మీద బతుకుతుందట కదా, నా చెప్పులు కూడా అక్కడే వదిలేసి వచ్చా. డబ్బు సంగతి మేడమ్ ఆయనతో ముందే కూర్చుని మాట్లాడారు, ఐదు రోజులు పట్టొచ్చు, రోజుకి ఇంత, బతుకుతుందని మాటివ్వలేను అని. ఆయన రోజూ సాయంత్రం ఆటో కిరాయి అయ్యాక కొంచెం కొంచెం కడతానన్నారు, మేడమ్ సరే అన్నారు.

పొద్దున నాన్నకి ఫోన్ చేసి ఇదంతా చెప్పా. పీజీ సర్జరీకి రాస్తానని, ఈలోగా ఇక్కడే అసిస్టెంట్‌గా చేరతానని కూడా చెప్పేశా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగింది ఒక్కటే, మన ఆవు ఈనేటప్పుడు వస్తావా రావా అని. వస్తానన్నా. గవర్నమెంట్ నోటిఫికేషన్ పడితే అప్లికేషన్ మాత్రం పెట్టమన్నారు, పెడతా.

బెజవాడ_వెట్

మూడోసారికి దొరికిందా, ఎండిపోయిన పార్వో పిల్లకి అది మంచి చెయ్యే. అది సరే అమ్మా, రెండు నెలల పిల్ల, తిండి లేదు, రాత్రంతా షుగర్ చూశారా?

గరివిడి_ఇంటర్న్

రాత్రి రెండింటికి 74 ఉంది సార్, పొద్దున చూడలేదు.

బెజవాడ_వెట్

ఇప్పుడే చూడు. ఫోన్ పక్కన పెట్టి వెళ్లు.

గరివిడి_ఇంటర్న్

52 సార్. మేడమ్‌కి చెప్పా, డెక్స్ట్రోజ్, అదే గ్లూకోజ్, ఇచ్చి సెలైన్‌లో కూడా కలిపారు. తల ఎత్తింది.

బెజవాడ_వెట్

గంట తర్వాత మళ్లీ చూసి ఇక్కడ రాయి. కాన్యులా టేపు కూడా చూడు, తల ఎత్తితే ముందు దాన్నే కొరుకుతుంది.